లోకుట్టు

టమాలేలో హర్మటాన్ గాలి మొదలైతే
ముందు పగిలేవి పెదవులు,
తర్వాత మడమలు,
ఆ తర్వాత నా కుట్టుమిషన్ తోలు బెల్టు.

ఈ ఏడు నా పొట్ట కూడా ఆ వరసలో చేరిందని
మేనత్త సనాతు బెంగ.
ఆరో నెల పడ్డ రోజు నుంచీ
మగ్రిబ్ నమాజు కాగానే వస్తుంది
సొరబుర్ర నిండా షియా వెన్నతో.
దుకాణం రేకు తలుపు సగం దించి
"గౌను ఎత్తు" అంటుంది,
ఊరందరి కొలతలూ తీసే నన్ను.

రెండు అరచేతుల మధ్య నలుపుతుంది.
పొగ వాసన, మాడీమాడని గింజ వాసన.
పొత్తికడుపు నుంచి పైకి,
పక్కల నుంచి బొడ్డు వైపు,
ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టినట్టు.
"ఒక్క గీత పడనిస్తానా?
గింజలు ఏరింది నేను, వేయించింది నేను,
మోచేతుల దాకా ముంచి
తెల్లగా తేలేదాకా చిలికింది నేను."

ఒక బ్యాంకు ఉద్యోగిని
ఆక్రాలో కొన్న గులాబీ డబ్బా చూపించింది,
ఆరు గజాల బట్ట ఖరీదు.
అత్త మూత తీసి వాసన చూసి తుమ్మింది:
"నా వెన్నే ఇది.
పట్నం పోయి అత్తరు పూసుకొచ్చింది."

క్లినిక్‌లో నర్సు డెడే మాత్రం
పుల్ల విరిచినట్టు చెప్పేసింది:
"రాసుకో, దురద తగ్గుతుంది.
నీళ్లు తాగు. ఒక్కసారిగా బరువు పెరగకు.
గీతల్ని ఆపే మందు నా అలమరలో లేదు.
వచ్చేవాళ్లకి వస్తాయి.
మీ అమ్మకి ఉన్నాయేమో అడుగు."

అమ్మని ఎక్కడని అడగను?
నా తొమ్మిదో ఏట పోయింది.
మిగిలిన ఒక్క ఫొటోలో
పండగ బట్ట మెడదాకా కప్పుకుని నించుంది.
పొట్టకి ఎవరు ఫొటో తీస్తారు.

ఆ సాయంత్రం అత్తని అడిగాను.
చెయ్యి ఆగింది.
బయట మోటారుసైకిలు ఏదో పోతుంటే
దాని మోత సందు చివర అణిగేదాకా ఊరుకుంది.

"చివరి స్నానం చేయించింది నేనేగా.
ఎడమ పక్క ఐదు, కుడి పక్క మూడు.
తడి బూడిద రంగు.
నీళ్లు పోస్తే వాటి వెంబడే జారాయి.
ఆ కడుపున నువ్వొక్కదానివే,
అన్నీ నీవే."

నా దగ్గరికి గౌన్లు వదులు చేయించుకోవడానికి వస్తారు.
అందుకే లోపల రెండు వేళ్ల గుడ్డ
వదిలే కుడతాను ఎప్పుడూ.
కుట్టు విప్పినప్పుడు
పాత దారం నడిచిన చోట ఒక గీత,
దాని అవతల ఎండ చూడని రంగు.
తడిపి ఇస్త్రీ పెట్టినా లొంగదు.
"ఇది పోదా?" అంటారు.
"ఇక్కడిదాకానే ఉండేవారని
గుడ్డకి గుర్తండీ" అంటాను.
డబ్బులు తగ్గించమంటారు.

అమ్మ లెక్క తెలిశాక
వెన్న రాస్తుంటే నాకు భయంగా ఉండేది,
ఒక్కటీ రాదేమోనని.

పోయిన శుక్రవారం
దుకాణంలో అద్దం కిందికి వంచి చూసుకున్నాను,
పొట్ట అడ్డమై నా కళ్లకి అందని చోట.
ఎడమ పక్క ఒకటి.
సుద్దముక్క అంచుతో గీసినంత సన్నం,
వంకాయ తొక్క రంగు.
అత్తకి చెప్పలేదు.
తన చేతిపనికి మచ్చ అనుకుంటుందని కొంత,
ఇంకో పూట నా ఒక్కదానిదిగా ఉంచుకుందామని కొంత.

దీపాల వేళకి ఆమె వేళ్లు
అక్కడికి రానే వచ్చాయి.
దాటాయి. వెనక్కి వచ్చాయి.
చూపుడువేలు ఆ పొడుగునా ఒకసారి నడిచింది,
ఏ గీతా లేని తన పొట్టని
రెండో చెయ్యి ఎందుకో తడుముకుంది.

సొరబుర్ర అడుగు గోకి
మిగిలిన వెన్నంతా అక్కడే పెట్టి
"ఒకటి" అంది.
నాతో కాదు,
ఇంకెవరికో అప్పజెప్పుతున్నట్టు.

రేకు తలుపు పైకెత్తితే
దుమ్ములో ఎవరో నిలబడి ఉన్నారు,
చంకలో మడిచిన గౌనుతో,
నడుం దగ్గర కాస్త వదులు కావాలట.